ముప్పై ఒకటో పేరు పిలిచినప్పుడు



ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అనగానే మన తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చి, రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడ్డాయి. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడి, జోన్ కార్యాలయం ఈ ఊళ్ళోనే పెట్టారు. దానికి రెండేళ్ళ ముందు, 2001లో, ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. పూర్తి పేరు ఛత్తీస్‌గఢ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్. ఊళ్ళో అందరికీ సిమ్స్. ఒకప్పుడు పిల్లాడు రైల్వేలో చేరితే చాలనుకున్న ఇళ్ళల్లోనే ఇప్పుడు నీట్ కోచింగ్ మాటలు వినబడుతున్నాయి. ఆ పిల్లలు రేపు డాక్టర్లవుతారు. వాళ్ళకు శరీరం గురించి, మందుల గురించి బాగానే చెబుతున్నాం. వృత్తి ధర్మం ఎలా చెబుతున్నాం? ఇవాళ్టి ప్రసంగం ఆ ప్రశ్న మీద.

ఈ విషయం మాట్లాడటానికి బిలాస్‌పూర్ కంటే తగిన ఊరు లేదు. ఎందుకో చెబుతాను.

2014 నవంబర్ 8. ఊరికి దగ్గర్లోనే, తఖత్‌పూర్ బ్లాకులో, సక్రీ పక్కన పెండారీ అనే గ్రామం. అక్కడ మూతపడి ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరం పెట్టింది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఎక్కువమంది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కూలి పనులు చేసుకునేవాళ్ళు. కొన్ని గంటల్లో ఒకే సర్జన్ 83 మందికి ఆపరేషన్ చేశాడు. రెండు రోజుల తరువాత గౌరేలా వైపు ఇంకో శిబిరం జరిగింది. ఆపరేషన్ అయినవాళ్ళకు వాంతులు మొదలయ్యాయి, బీపీ పడిపోయింది. సిమ్స్‌కు, జిల్లా ఆసుపత్రికి, ప్రైవేటు ఆసుపత్రికి అంబులెన్సులు తిరిగాయి. రెండు శిబిరాల్లో కలిపి 13 మంది చనిపోయారు. ఇచ్చిన మాత్రల్లో విషం కలిసిందా, పరికరాల వల్ల ఇన్‌ఫెక్షన్ సోకిందా అన్న వాదన చాలాకాలం నడిచింది. న్యాయ విచారణ కమిషన్ వేశారు. వార్త ప్రపంచమంతా పాకింది.

మాత్రల సంగతి పక్కన పెట్టి లెక్క ఒక్కటి చూడండి. ఒక సర్జన్ బృందం రోజుకు 30కి మించి ఈ ఆపరేషన్లు చేయకూడదని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు అప్పటికే ఉన్నాయి. జరిగినవి 83. అంటే ముప్పై ఒకటో పేరు పిలిచినప్పుడే హద్దు దాటిపోయింది. ఆ తరువాత ఇంకా యాభై రెండు పేర్లు పిలిచారు. ఆ భవనంలో సర్జన్ ఒక్కడే లేడు. సహాయకులున్నారు, నర్సులున్నారు, ఆరోగ్య శాఖ సిబ్బంది ఉన్నారు, ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన మితానిన్లు ఉన్నారు. మితానిన్ అంటే మన ఆశా కార్యకర్త లాంటి మనిషి. దేశంలో ఆశా పథకం రాకముందే, 2002లో, ఛత్తీస్‌గఢ్ ఈ మితానిన్లను మొదలుపెట్టింది. ఇంతమందిలో ఒక్కరు కూడా "ఇవాళ్టికి చాలు సార్" అని ఆపించలేకపోయారు.

వాళ్ళందరూ చెడ్డవాళ్ళనుకుంటే మన పని తేలిక. కేసు పెట్టి శిక్ష వేయించి ఊరుకోవచ్చు. కానీ ఆ సర్జన్‌కు ఎక్కువ ఆపరేషన్లు చేసినందుకు అంతకుముందు ప్రభుత్వమే సన్మానం చేసింది. ఎక్కువ చేయడమే గొప్ప అని ఆ వ్యవస్థ పైనుంచి కిందిదాకా నేర్పింది. కుటుంబ నియంత్రణకు టార్గెట్లు ఉండవని 1996లోనే కేంద్రం ప్రకటించింది. పేరు మారింది కానీ అంకె మాత్రం ఏటా పై ఆఫీసు నుంచి దిగుతూనే వచ్చింది. ఆ డాక్టరూ, ఆ నర్సులూ తమ తమ కాలేజీల్లో నీతి పాఠం చదివినవాళ్ళే. నియమం ఉంది, పాఠం ఉంది, సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా ఆ రోజు ఏదీ అడ్డుపడలేదు. నీతి బోధనను సరిదిద్దాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి.

ఇప్పటిదాకా మన కాలేజీల్లో ఈ పాఠం ఎలా నడిచిందో చూద్దాం. చాలాకాలం ఇది ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఒక అధ్యాయం. పోస్టుమార్టం, విషాలు, గాయాల మధ్య డాక్టరు విధులు, రోగి హక్కులు, మెడికల్ కౌన్సిల్ 2002లో చేసిన ప్రవర్తనా నియమావళి. ప్రకటనలు ఇవ్వకూడదు, కమిషన్ తీసుకోకూడదు, రోగి రహస్యం బయటపెట్టకూడదు. పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టి రాసేవారు. పాఠం పోలీసు కేసుల పక్కనే ఉండడంతో, నీతి అంటే కేసులో ఇరుక్కోకుండా చూసుకోవడమేనన్న భావం పిల్లల్లో పడిపోయింది.

2019లో మార్పు వచ్చింది. ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మొత్తాన్ని తిరగరాస్తూ ఎట్‌కామ్ అనే భాగం చేర్చారు. వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు, ఈ మూడింటినీ కలిపిన పాఠాలు. మొదటి ఏడాది నుంచి చివరి ఏడాదిదాకా మొత్తం 27. డాక్టరు కావడమంటే ఏమిటి, రోగి కావడమంటే ఏమిటి అన్న ప్రశ్నలతో మొదలవుతాయి. అనాటమీ హాల్లో పడుకున్న శవం మన తొలి గురువు అనేదీ ఒక పాఠమే. 2021లో చేరిన వాళ్ళ నుంచి ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినన్నాళ్ళూ వాళ్ళ ఆరోగ్యం కనిపెట్టి ఉండాలన్న కార్యక్రమమూ వచ్చింది. ఆలోచన మంచిదే, నిజాయితీగా చేసినదే.

అమలులో ఏమవుతోందో కాలేజీలో చదువుతున్న ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నూట యాభై మంది కూర్చున్న హాల్లో స్లయిడ్లు వేసి చదువుతారు. చివర్లో "మీ అనుభూతి రాయండి" అంటారు. ఒకడు రాస్తాడు, పదిమంది చూసి రాస్తారు. లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది. రోగిపై దయ ఎలా చూపాలన్న పాఠానికి హాజరు తగ్గితే ఇంటికి కబురు పంపుతారు. ఆ పాఠం చెప్పిన మాస్టారు మర్నాడు వార్డులో రోగిని పేరు పెట్టి పిలవరు, "ఆ నాలుగో బెడ్డు" అంటారు. పిల్లవాడు రెండూ నేర్చుకుంటాడు. పరీక్షలో మొదటిది రాస్తాడు, బతుకులో రెండోది చేస్తాడు.

ఫ్రెడరిక్ హాఫర్టీ, రోనాల్డ్ ఫ్రాంక్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1994లోనే ఈ సంగతి రాశారు. వైద్య కాలేజీల్లో పుస్తకంలో ఉన్న పాఠం కాక, ఎవరూ చెప్పకుండానే పిల్లలకు అబ్బే పాఠం ఇంకోటి ఉంటుందనీ, నీతిని అసలు నేర్పేది ఆ రెండోదేననీ వాళ్ళ వాదన. 2009లో జెఫర్సన్ మెడికల్ కాలేజీలో జరిగిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. విద్యార్థుల్లో రోగి పట్ల సానుభూతి బాగా తగ్గేది మూడో ఏట. మూడో ఏడు అంటే అక్కడ పిల్లలు వార్డుల్లో అడుగుపెట్టే ఏడు. పుస్తకాలు చదివినంతకాలం నిలిచినది రోగుల మధ్యకు వచ్చాక కరిగిపోతోందన్నమాట. మన హౌస్ సర్జన్లను చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ, నిద్ర లేదు, పైవాడు కసురుతాడు, కిందివాడి మీద అది దిగుతుంది. అలాంటి తెల్లవారుజామున "ఆ ఆపరేషన్ కేసుకి సంతకం పెట్టించుకు రా" అని చెబితే, వాడు కాగితం పట్టుకుని పరుగెత్తి వేలిముద్ర వేయించుకుని వస్తాడు. వాడి దృష్టిలో పని అయిపోయింది.

కిందివాడు పైవాణ్ణి ఆపగలిగే చోటు ఎక్కడైనా ఉందా అంటే, ఈ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. బిలాస్‌పూర్‌లో రైల్వే కుటుంబంలో పెరిగిన ఎవరికైనా తెలిసిందే. పట్టాల మీద నడిచి చూసే కీమన్, గ్యాంగ్‌మన్ రైల్వే ఉద్యోగాల్లో అందరికంటే కింది మెట్టు మీద ఉంటారు. అయినా పట్టా విరిగిందని కనబడితే ఆ మనిషి ఎవరి అనుమతీ అడగకుండా రాజధాని ఎక్స్‌ప్రెస్‌నైనా ఆపగలడు. ఎర్ర జెండా ఉంటే జెండా చూపిస్తాడు. లేకపోతే రెండు చేతులూ పైకెత్తి నిలబడితే చాలు, అదీ ప్రమాద సంకేతమే. చేతికి దొరికిన వస్తువేదైనా గట్టిగా ఊపినా లోకో పైలట్ ఆపాల్సిందే. బ్రాడ్‌గేజ్ లైను మీదైతే 600 మీటర్ల దూరంలో ఒక డిటొనేటర్, అంటే చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయ లాంటిది, 1200 మీటర్ల దగ్గర మూడు పెట్టాలని లెక్క కూడా ఉంది. డ్రైవరు బండి ఆపకుండా "నువ్వెవరు నాకు చెప్పడానికి" అనడానికి లేదు. ఇంకో విషయం. ఆ గ్యాంగ్‌మన్‌కు ఇది భద్రతా విలువల మీద ఉపన్యాసం ఇచ్చి నేర్పలేదు. తనిఖీకి వచ్చిన అధికారి జెండా ఏదీ అంటాడు, డిటొనేటర్లు ఎన్ని ఉన్నాయంటాడు, ఎలా పెడతావో చేసి చూపించమంటాడు. చేసి చేసి చేతికి అలవాటైపోయిన పని అది.

ఆపరేషన్ థియేటరులోనూ ఇలాంటి ఏర్పాటు సాధ్యమేనని తేలింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు ఒక చెక్‌లిస్టు తయారుచేసింది. కత్తి పెట్టకముందు గదిలో ఉన్నవాళ్ళంతా తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. రోగి ఎవరు, ఆపరేషన్ ఏమిటి, ఎక్కడ అన్నది అందరూ వినేలా ఖాయం చేసుకోవాలి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పెట్టి చూస్తే, ఆపరేషన్ తరువాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. అందులో పేరు చెప్పుకోవడం ఎందుకంటారేమో. ఒకసారి నోరు విప్పిన నర్సుకు, అదే గదిలో రెండోసారి నోరు విప్పడం తేలికవుతుంది.

కాబట్టి నా మొదటి సూచన ఇది. నీతి పాఠం మంచితనం మీద ఉపన్యాసంగా చెప్పడం మానేసి, "ఆగండి" అనడం సాధన చేయించాలి. అందుకు ప్రతి కాలేజీ తన జిల్లాలో జరిగిన ఘటననే పాఠ్యపుస్తకంగా తీసుకోవాలి. సిమ్స్ పిల్లలకు అది పెండారీ. చదవడానికి కాగితాలు కొరత లేదు. బీహార్‌లో అరరియా జిల్లాలో రాత్రిపూట బడి గదిలో 53 మందికి ఆపరేషన్లు చేసిన ఘటన మీద దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2016 సెప్టెంబర్ 14న వచ్చిన ఆ తీర్పులో బిలాస్‌పూర్ ప్రస్తావన ఉంది. మూడేళ్ళలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పును పిల్లల చేతికి ఇచ్చి, పదిమంది చొప్పున కూర్చోబెట్టి, ఒకరిని సర్జన్‌గా, ఒకరిని నర్సుగా, ఒకరిని టార్గెట్ మోస్తున్న జిల్లా అధికారిగా, ఒకరిని మితానిన్‌గా, ఒకరిని పల్లె నుంచి వచ్చిన తల్లిగా నిలబెట్టాలి. అప్పుడు ముప్పై ఒకటో పేరు పిలవాలి.

ఆ నర్సు వేషం వేసిన పిల్ల ఏమంటుంది? "సార్, ముప్పై అయ్యాయి. మిగతావాళ్ళకు వేరే తేదీ ఇద్దాం." ఇది మొదటి వాక్యం. సర్జన్ వేషం వేసినవాడు "నువ్వు నాకు నేర్పుతావా?" అంటాడు. అప్పుడు రెండో వాక్యం కావాలి. అది ఎవరికీ అప్పటికప్పుడు తట్టదు, ముందే నాలుగుసార్లు పలికి ఉండాలి. ఆ తల్లి వేషం వేసిన అమ్మాయి లేచి, "ఇరవై కిలోమీటర్లు వచ్చాను. చంటిదాన్ని అత్త దగ్గర వదిలేసి వచ్చాను. మళ్ళీ కూలి మానుకుని రాలేను" అంటే? అక్కడే అసలు పాఠం. ఆపితే కూడా నష్టపోయేది ఆవిడే. మళ్ళీ గర్భం రావచ్చు, ఇంట్లో మాట పడాల్సి రావచ్చు. అప్పుడు విద్యార్థికి అర్థమవుతుంది, "ఆగండి" అన్నంత మాత్రాన బాధ్యత తీరదని. తేదీ రాసివ్వాలి, తిరిగి వెళ్ళడానికి బండి చూడాలి, అప్పటిదాకా వేరే గర్భనిరోధక సాధనం ఇవ్వాలి. ఇదంతా ఆలోచించగలిగిన డాక్టరే మర్నాడు అధికారికి ఎదురు చెప్పగలడు.

రెండోది, అంగీకారం. సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మత్తులో ఉన్న రోగి తరఫున తల్లి ఒప్పుకున్నంత మాత్రాన, ముందు చెప్పని ఆపరేషన్ చేయకూడదని. అప్పటి మన ఖమ్మం జిల్లాలో జరిగినదీ పిల్లలకు తెలియాలి. 2009లో భద్రాచలం, మరికొన్ని మండలాల్లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అధ్యయనం పేరుతో వేలాది ఆడపిల్లలకు టీకాలు వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. అలాంటి పత్రాలు వేలల్లో తేలాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అడగాల్సినవాళ్ళను అడగలేదన్నది మాత్రం కాగితం మీదే ఉంది.

అంగీకారం నేర్పడానికి స్లయిడ్లు పనికిరావు. విద్యార్థి రోగికి విషయమంతా చెప్పాక, "అమ్మా, నేను చెప్పింది మీకు ఎలా అర్థమైందో ఒకసారి చెప్పండి" అని అడగాలి. ఆవిడ చెప్పింది తప్పయితే తప్పు విద్యార్థిదే, మళ్ళీ చెప్పాలి. ఈ ప్రాంతంలో ఇది ఇంకా కష్టం. ఫారం హిందీలో ఉంటుంది, రోగి మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. రైల్వే ఆసుపత్రిలో డాక్టరు బెంగాలీ, నర్సు ఒడియా, మంచం మీద మన సింహాచలం తాతగారు. ఆయన అన్నిటికీ తల ఊపుతారు. తల ఊపడం ఒప్పుకోవడం కాదు, పెద్దమనిషి మర్యాద అంతే. ఈ తేడా పట్టుకోగలిగితే విద్యార్థి సగం డాక్టరైనట్టే.

ఈ అంగీకారానికి రెండో ముఖం కూడా ఉంది. గౌరేలా శిబిరం తరువాత చనిపోయినవాళ్ళలో బైగా తెగ మహిళ ఉంది. నిజానికి బైగాల వంటి తెగలకు ఈ ఆపరేషన్లు చేయరాదని 1979లో, మధ్యప్రదేశ్ రోజుల్లో, ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి వచ్చింది. జనాభా తగ్గిపోతుందన్న భయంతో, వాళ్ళ మేలు కోసమే. ఫలితం ఏమిటంటే, ఆపరేషన్ కావాలని అడిగిన బైగా తల్లిని కూడా కాదని పంపేసేవారు. ఆ ఉత్తర్వు మీద బైగాలే బిలాస్‌పూర్‌లోని హైకోర్టుకు వెళ్ళారు, కోర్టు దాన్ని కొట్టేసింది. అడగకుండా చేయడం, అడిగినా చేయకపోవడం, రెండింటిలోనూ జరిగింది ఒకటే. ఆ మనిషి ఏమనుకుంటోందో ఎవరూ వినలేదు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెబితే, ఏ నిర్వచనమూ అక్కర్లేదు.

మూడోది, పాఠం చెప్పేవాళ్ళు. ఒక్క ఫోరెన్సిక్ విభాగం మీద ఈ బరువు వేయకూడదు. ఇరవై ఏళ్ళు లేబర్ రూములో పనిచేసిన నర్సును క్లాసుకు పిలవండి. మితానిన్‌ను పిలవండి, ఆడవాళ్ళు డాక్టరు ముందు ఎందుకు నోరు విప్పరో ఆవిడ చెబుతుంది. ఇక్కడికి దగ్గర్లోనే గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు 1990ల చివర్లో వచ్చి, పల్లెవాళ్ళ కోసం తక్కువ ఖర్చుతో వైద్యం మొదలుపెట్టారు. ఏ మందు రాయాలి, ఏ పరీక్ష అక్కర్లేదు అన్నది పేదవాడి జేబు చూసి నిర్ణయించడం కూడా వైద్య నీతేనని, అక్కడ కొన్ని రోజులు కూర్చున్న విద్యార్థికి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది, పరీక్ష. నీతి మీద అయిదు మార్కుల ప్రశ్న వేస్తే అయిదు మార్కుల జవాబే వస్తుంది. చేయి చూడాలి, నోరు వినాలి. చెడు వార్త ఎలా చెబుతున్నాడు, రోగి దుప్పటి తీసేముందు తెర వేస్తున్నాడా, అనవసరమైన స్కానింగ్ రాయమన్నప్పుడు ఏమంటున్నాడు. ఎదురుగా నిలబడి చూసి మార్కులు వేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలు తమకు వార్డులో ఎదురైన ఇబ్బందిని పేర్లు లేకుండా వారానికోసారి చెప్పుకునే అరగంట ఉండాలి. ఆ అరగంటలో ప్రొఫెసర్లు వినాలి, జవాబులు తరువాత.

ఒక అభ్యంతరం వస్తుంది. టార్గెట్లు సర్కారువి, ఒత్తిడి అధికారులది, ఇరవై రెండేళ్ళ పిల్లల మీద ఈ బరువు పెట్టడం న్యాయమా అని. న్యాయమైన ప్రశ్నే. విద్యార్థికి నీతి నేర్పి, ఆ తరువాత జరిగిన ప్రతి తప్పుకూ వాణ్ణే నిలబెడితే, అది మోసమే అవుతుంది. గ్యాంగ్‌మన్ జెండా ఎత్తితే అతని వెనక రైల్వే రూలు ఉంది. హౌస్ సర్జన్ నోరు విప్పితే వెనక ఏముంది? ఇంటర్న్‌షిప్ పూర్తిచేశాడన్న సంతకం పైవాళ్ళ చేతుల్లో. కాబట్టి పాఠం ఎంత మారినా, మాట్లాడిన జూనియర్‌ను కాపాడే నియమం కాలేజీ రాతపూర్వకంగా పెట్టకపోతే, ఆ పాఠం వాడికి ప్రమాదమే తప్ప ఉపయోగం లేదు.

అందుకే కాలేజీలకు గుర్తింపు ఇవ్వడానికి తనిఖీకి వచ్చే అధికారులకు ఒక మనవి. మంచాలు లెక్కపెట్టండి, అధ్యాపకుల్ని లెక్కపెట్టండి, ఎట్‌కామ్ లాగ్‌బుక్కులూ తిరగెయ్యండి. ఆ తరువాత ప్రిన్సిపాల్ గారిని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. గత ఏడాది మీ ఆసుపత్రిలో ఒక జూనియర్ డాక్టరో నర్సో "ఇది ఆపాలి" అన్న సందర్భం ఒక్కటి చెప్పగలరా? అన్న తరువాత ఆ మనిషికి ఏమైంది? మొదటి ప్రశ్నకు ఒక్క ఉదాహరణా దొరకని కాలేజీలో తప్పులు జరగడం లేదని అనుకోకండి. అక్కడ నీతి ఇంకా ఎవరూ నేర్పలేదని రాసుకోండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఆ కాలేజీకి అసలు మార్కు.